మన్రో దొర ఫైలు: పాతిక శాతం తగ్గింపు, పదమూడేళ్ల ఆలస్యం

రాయలసీమలో రెవెన్యూ పని చేసినవాళ్లకి ఈస్టిండియా కంపెనీ కాలపు కలెక్టరు థామస్ మన్రో పేరు కొత్త కాదు. సర్వీసులో ఎక్కువ కాలం నేను సర్వే, భూరికార్డుల వైపే ఉన్నాను. ఇప్పుడు కొత్తగా చేరే గ్రామ సర్వేయర్లకి అప్పుడప్పుడు క్లాసులు చెబుతుంటాను. ఆ క్లాసుల్లో ఎప్పుడూ వాడే కేసు మన్రోదే. కారణం ఒకటుంది. మా వైపు పిల్లలు ఆయన గురించి రెండు కథలతో వస్తారు. ఒకటి మంత్రాలయంలో రాఘవేంద్రస్వామే బృందావనంలోంచి లేచి వచ్చి పలకరించిన పుణ్యాత్ముడు. ఇంకొకటి సొంత బంట్లతో ఊళ్లు ఏలే పాలెగాళ్లని అణచి, శిస్తు కట్టని ఊరిమీదికి ఫిరంగులు పంపిన కంపెనీ దొర. రెండు కథలకీ ఆధారం ఉంది. ఏది నిజమని వాదించుకునే బదులు ఫైలు మొదటి కాగితం నుంచి తిరగేద్దాం అంటాను. కిందది ఆ క్లాసు నోట్సుకి కాస్త పెద్ద రూపం.

మనిషి, ఉద్యోగం

మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం మునిగిపోయింది. ఇల్లు నడవాలంటే కొడుకు సంపాదించాలి, అందుకే కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అదే ఏడు హైదర్ అలీతో యుద్ధం. ఆ తర్వాత టిప్పుతో. మొదటి పన్నెండేళ్లు పూర్తిగా సిపాయి బతుకే.

1792లో టిప్పు నుంచి కంపెనీకి దక్కిన బారామహల్‌లో, అంటే ఇప్పటి సేలం వైపు, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద శిస్తు పనికి వేశారు. ఈ ఏడేళ్లే ఆయన్ని తయారుచేశాయని నా అభిప్రాయం. జమీందారు ద్వారా కాకుండా నేరుగా రైతుతో శిస్తు మాట్లాడుకోవడం అక్కడే నేర్చుకున్నాడు. శ్రీరంగపట్నం పడిపోయాక కొంతకాలం కెనరా కలెక్టరు. 1800 అక్టోబరులో నిజాం తనకి పెట్టిన కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం కంపెనీకి రాసిచ్చేశాడు. అవే దత్తమండలాలు. వాటి ప్రిన్సిపల్ కలెక్టరుగా మన్రో వచ్చాడు. కింద నలుగురు సబ్ కలెక్టర్లు. 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. అనంతపురంలో మకాం పెట్టినా, ఏడాదిలో ఎక్కువ భాగం గుడారాల్లో, ఊరూరా కచేరీల్లో గడిచేది.

తర్వాతి ఉద్యోగం చకచకా చెప్పేస్తాను. 1807లో ఇంగ్లండు వెళ్లాడు. 1813లో కంపెనీ చార్టర్ పొడిగింపు మీద పార్లమెంటులో సాక్ష్యం చెప్పాడు. నాగరికత అనేది రెండు దేశాల మధ్య సరుకైతే దాన్ని దిగుమతి చేసుకుని లాభపడేది ఇంగ్లండే అన్నాడక్కడ. 1814లో న్యాయవ్యవస్థ సంస్కరణ కమిషన్ పెద్దగా మళ్లీ వచ్చాడు. 1817-18లో మరాఠా యుద్ధంలో కొద్దిపాటి పటాలంతో, ఊళ్లలో పోగుచేసిన బంట్లతో బాదామి, బెళగావి, షోలాపూర్ పట్టుకున్నాడు. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో ఇంగ్లండు వెళ్లేముందు తన పాత జిల్లాలు చివరిసారి చూడాలని బయల్దేరి, జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టి, కొన్నేళ్ల తర్వాత మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

ఆయన ఎంత మంచివాడు, ఎంత కఠినుడు అన్నదాని కంటే, ఆయన ఏర్పాటు చేసిన పద్ధతి రైతు ఇంటి ముందుకి ఏ రూపంలో వచ్చింది అన్నదే మాకు ముఖ్యం. దానికి రెండు దారాలు పట్టుకోవాలి. ఒకటి శిస్తు రేటు. రెండోది ఆ శిస్తు వసూలు చేసిన చెయ్యి.

గొలుసు

దత్తమండలాలు కంపెనీ చేతికొచ్చేనాటికి శిస్తుకి సరైన లెక్క లేదు. కరణాల దగ్గర ఉన్న లెక్కలు ఎవరికి కావలసినట్టు వాళ్లవి. 1802లో మన్రో సర్వే మొదలుపెట్టాడు. అప్పటికి భూమి కొలవడం తెలిసిన గుమాస్తాలు నలుగురే. వాళ్లు కొందరికి నేర్పారు, ఆ కొందరు ఇంకొందరికి నేర్పారు. కొద్దికాలంలోనే సర్వేయర్లు వందమంది అయ్యారు. కొలతకి వాడింది 33 అడుగుల గొలుసు. అంత పొడవు, అంత వెడల్పు ఉన్న చదరాలు నలభై అయితే ఎకరం.

ఈ లెక్క క్లాసులో బోర్డు మీద వేయిస్తాను. 33 ని 33 తో గుణిస్తే 1,089 చదరపు అడుగులు, అంటే 121 గజాలు. తెలంగాణలో ఇప్పటికీ గుంట అంటే అంతే, నలభై గుంటలకి ఎకరం. సీమలో మనం సెంట్లలో మాట్లాడతాం, 435.6 చదరపు అడుగులకి ఒక సెంటు. కొలత పేరు మారింది కానీ ఎకరం అదే ఎకరం. రోవర్లు, డ్రోన్లతో రీసర్వే చేసే కుర్రవాళ్లకి ఈ గుణకారం వేశాక కాస్త శ్రద్ధ వస్తుంది.

కొలిచాక రేటు. ఊరి రెడ్డి (గ్రామ పెద్ద), కరణం, రైతులు కూర్చుని ఏ పొలం ఏ తరగతిదో చెప్పాలి. మాగాణి, మెట్ట, తోట అని మూడు రకాలు, వాటిలో మళ్లీ తరగతులు. పైనుంచి వచ్చిన అంచనాదారుడు దాన్ని సరిచూడాలి. రైతు అభ్యంతరం చెబితే వినాలి. కాగితం మీద ఇది చాలా మర్యాదైన పద్ధతి. ఆ కాలానికి కంపెనీ ఇంత ఓపికగా రైతు పొలం దాకా దిగడం అరుదు. అదే సమయంలో కోస్తాలో జమీందార్లకి శాశ్వతంగా రాసిచ్చేసి చేతులు దులుపుకుంది. గోదావరి, విశాఖ వైపు చాలామంది రైతులు 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా జమీందారు కిందే ఉన్నారు. సీమ రైతుకి పట్టా తన పేరున ఉందంటే దానికి మొదటి కారణం మన్రోయే. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పేవి అంత తియ్యగా ఉండవు.

రేటు

అంచనాలన్నీ తేలాక మొత్తం శిస్తు పంటలో దాదాపు 45 శాతం దగ్గర నిలిచింది. నికర ఆదాయంలో కాదండీ, మొత్తం పంటలో. పది బస్తాలు పండితే నాలుగున్నర సర్కారుకి. విత్తనం, ఎద్దులు, కూలి, అప్పు మీద వడ్డీ అన్నీ మిగతా ఐదున్నరలోంచే రావాలి. అనంతపురం మెట్టలో, మూడేళ్లకి ఒక ఏడు వాన మొహం చాటేసే చోట, ఇది ఎలా సాగుతుందో పొలం చేసినవాళ్లకి విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఏడేళ్లలో ఈ జిల్లాల భూమి శిస్తు 4,02,637 పౌండ్ల నుంచి 6,06,909 పౌండ్లకి పెరిగింది. సగం పెరుగుదల. అందులో కొంత శాంతి వచ్చి బీళ్లు సాగులోకి రావడం వల్ల. ఆ కాలంలో కరువు సంవత్సరాలు కూడా ఉన్నాయి, వాటి మధ్యనే ఇంత పెరిగింది.

వసూలులో ఇంకో సంగతి. రైత్వారీ అంటే ఒక్కో రైతుతో విడివిడిగా ఒప్పందం అని పాఠ్యపుస్తకంలో చదువుతాం. అసలు అమల్లో ఒక రైతు కట్టలేకపోతే ఆ లోటుని మిగతా రైతుల మీద, పదిశాతం దాకా, వేసేవాళ్లు. లాభమైతే ఎవరిది వాళ్లదే, నష్టమొస్తే మాత్రం ఊరందరిది. రైతు తనకి గిట్టని పొలం వదిలేసుకోవచ్చన్నది కూడా అప్పట్లో పేరుకే. ఏడాదికి ఇంత సాగు చెయ్యాలని తహసీల్దారు ఒత్తిడి ఉండేది.

ఫైలులో నాకు అన్నిటికంటే బరువుగా అనిపించే కాగితం ఇక్కడ వస్తుంది. 1807 ఆగస్టు 15న, వెళ్లిపోయే ముందు, మన్రో రెవెన్యూ బోర్డుకి ఒక నివేదిక రాశాడు. సర్వే రేట్ల మీద అన్ని భూములకీ 25 శాతం తగ్గించాలి, బావుల కింద సాగే తోటలకి ఇంకో 8 శాతం కలిపి 33 తగ్గించాలి, అప్పుడు సర్కారు వాటా పంటలో మూడోవంతుకి వస్తుంది, అంతకంటే ఎక్కువైతే రైతుకి ఏమీ మిగలదు, భూమికి విలువే ఉండదు అని వాదించాడు. రైతు తనకి కావలసినంత భూమి ఉంచుకుని మిగతాది వదిలే స్వేచ్ఛ ఉండాలన్నాడు.

అంటే ఆయనకి తెలుసు. వసూలు చేస్తున్నన్నాళ్లూ తెలుసు. ఖజానాకి డబ్బు కావాలని పైనుంచి ఒత్తిడి, యుద్ధాలు, ఎక్కువ వసూలు చేస్తేనే మంచి కలెక్టరు అని పేరు. ఆ ఒత్తిడికి లొంగి తనే వేసిన రేటుని, వెళ్లేటప్పుడు ఎక్కువైందని రాశాడు. నిజాయితీగా రాశాడని కొందరంటారు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ నిజాయితీ వచ్చేసరికి ఏడు పంటలు అయిపోయాయి.

బోర్డు ఆ సలహా తీసుకోలేదు. రైత్వారీనే పక్కన పెట్టి, ఊరు మొత్తాన్ని ఒకరికి గుత్తకి ఇచ్చే పద్ధతి తెచ్చింది. ముందు మూడేళ్ల గుత్త, తర్వాత పదేళ్ల గుత్త. గుత్త తీసుకున్న రెడ్లలో చాలామంది బాకీలు పడి దివాలా తీశారు, కొందరు జైలు పాలయ్యారు. చివరికి 1820లో మన్రోనే గవర్నరుగా వచ్చి, తను పదమూడేళ్ల కింద రాసిన తగ్గింపుని తనే అమలు చేయించాడు. పొలం వదులుకునే స్వేచ్ఛ కూడా అప్పుడే వచ్చింది.

మాండవ్య ఋషి మన్రో రూపంలో పుట్టాడని ఈ ప్రాంతంలో అనుకున్నారంటే, పిల్లలకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారంటే, ఆ భక్తిలో ఈ 25 శాతానికి పెద్ద వాటా ఉందని నా నమ్మకం. శిస్తు తగ్గించిన అధికారిని జనం మరిచిపోరు. మంత్రాలయం కథ కూడా జాగ్రత్తగా వినండి. మఠం మాన్యం, అంటే శిస్తు లేకుండా ఇచ్చిన ఇనాం భూమి, సర్కారు స్వాధీనం చేసుకోబోతుంటే విచారణకి మన్రో వెళ్లాడు, స్వామి ఆయనకొక్కడికే కనిపించి మాట్లాడారు, మాన్యం మఠానికే ఉండిపోయింది. ఇనాం పోతుందేమోనన్న భయం, పోకుండా ఆగిందన్న ఊరట, ఆ రెండూ కలిసి భక్తి కథయ్యాయి. తిరుమలలో నైవేద్యానికి వాడే మన్రో గంగాళం గురించి చెప్పేటప్పుడూ, కడప జిల్లా గండిలో పాపఘ్ని కనుమ మీద బంగారు తోరణం ఆయన కంటికి మాత్రమే కనబడిందని చెప్పేటప్పుడూ జనం గొంతులో అదే ఆప్యాయత ఉంటుంది. దాన్ని బానిస బుద్ధి అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. మా తాతల తరం మూర్ఖులు కారు. అంతకుముందు నిజాం అమీళ్లు (శిస్తు అధికారులు), పాలెగాళ్లు, దండయాత్రలు అన్నీ చూసినవాళ్ల వారసులు. గుడారం వేసుకుని ఊళ్లో కూర్చుని, మాట వినే అధికారి వాళ్లకి అరుదైన సంగతి.

పాలెగాళ్లు, తెర్నేకల్లు

కంపెనీ వచ్చేసరికి ఇక్కడ 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద 30 వేలమంది ఆయుధాలున్న బంట్లు ఉన్నారని లెక్క. మన్రో వాళ్లని రెండేళ్లలోనే దారికి తెచ్చాడు. కొందరిని కోటల్లోంచి తరిమాడు, కొందరికి పింఛను కట్టి కూర్చోబెట్టాడు, బంట్లని చెదరగొట్టాడు. ఈ విషయంలో ఆయన తీరు లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకే పూర్తిగా నచ్చలేదు.

పాలెగాళ్లంతా ప్రజావీరులని నేననను. వాళ్లలో దోచుకున్నవాళ్లూ ఉన్నారు. అయితే పింఛను కట్టి కూర్చోబెట్టడం అనే పరిష్కారం ఒక తరం తర్వాత ఏమైందో చూడాలి. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి కుటుంబానికి అలా కట్టిన పింఛనులో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వాటాకి వచ్చింది నెలకి 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఒకప్పుడు కోట ఏలిన ఇంటివాడు తహసీలు కచేరీలో ఆ చిల్లర కోసం నిలబడాలి. మాన్యాలు పోతాయని భయపడ్డ కట్టుబడులు, అంటే ఊరి కాపలా బంట్లు, కూడా తోడయ్యారు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని ఉరితీసి తలని కోట గుమ్మానికి వేలాడదీశారు. మన్రో చనిపోయి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ ఉరికి ఆయన బాధ్యుడని చెప్పలేం. కానీ ఆ అణాల పైసల లెక్క మొదలైంది ఆయన ఏర్పాటుతోనే.

ఇక తెర్నేకల్లు. ఇప్పుడు దేవనకొండ మండలంలో ఉంది, మన్రో కన్నుమూసిన పత్తికొండకి దగ్గర్లోనే. 1801 చివర్లో శిస్తు గొడవ ముదిరి ఊరు ఎదురు తిరిగింది. కంపెనీ సైన్యం ఊరి కోటని ముట్టడించింది. మొదటి దాడిని ఊరివాళ్లు నిలవరించారు. అదనపు బలగం వచ్చాక కోట పడింది, చాలామంది చనిపోయారు. ఊరి పెద్ద ముతుకూరు గౌడప్పని ఉరితీశారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ముట్టడి సర్వేకి ముందు, గొలుసు ఊళ్లలోకి రాకముందే జరిగింది. తర్వాత వచ్చిన మర్యాదైన పద్ధతి, రైతుని కూర్చోబెట్టి తరగతి అడిగిన పద్ధతి, ఈ ముట్టడి వార్త చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాకిన తర్వాతి పద్ధతి. దాన్ని మరిచిపోయి సర్వే గురించి చెప్పడం సగం ఫైలు చదవడమే.

చెయ్యి

రెండో దారం నా మటుకు మొదటిదానికంటే ముఖ్యం, దీన్ని గురించి మాత్రం తక్కువ మాట్లాడుకుంటారు.

మన్రోకి ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో బెంగాల్ నుంచి తెచ్చిన పద్ధతి ఉండేది. కలెక్టరు శిస్తు చూడాలి, జిల్లా జడ్జి న్యాయమూ పోలీసూ చూడాలి, దరోగాలు, అంటే పోలీసు అధికారులు, జడ్జి కింద పనిచెయ్యాలి. ఈ విభజన మన్రోకి నచ్చలేదు. జడ్జి కోర్టు రైతుకి దూరం, ఖర్చు ఎక్కువ, భాష తెలీదు, కేసులు ఏళ్ల తరబడి సాగుతాయి, దరోగాలు ఊళ్ల మీద పడి తింటారు. ఆయన ఫిర్యాదుల్లో చాలా నిజముంది. అందుకని 1816 రెగ్యులేషన్లు తెచ్చాడు. ఊరి పెద్దే మునసబు అయ్యి చిన్న తగవులు తీర్చవచ్చు. గ్రామ పంచాయతీలకి చట్టబద్ధత. జిల్లా మునసబులుగా భారతీయులు. ఇవన్నీ మంచి అడుగులే.

అదే కట్టలో ఇంకో కాగితం ఉంది. మేజిస్ట్రేటు అధికారం జడ్జి నుంచి తీసి కలెక్టరుకిచ్చారు. దరోగాలని రద్దుచేసి, పోలీసు పని తహసీల్దారుకి, ఊరి పెద్దకి అప్పగించారు. అంటే శిస్తు బాకీ అడిగేవాడు తహసీల్దారే, బంట్లని పంపించేవాడూ ఆయనే, బంట్లు కొట్టారని ఫిర్యాదు చెయ్యాల్సింది కూడా ఆయనకే. ఊరి స్థాయిలో రెడ్డిదీ అదే కథ.

మన్రో లెక్క వేరు. రైతు సంగతి బాగా తెలిసిన అధికారి దగ్గరే అధికారం ఉంటే త్వరగా న్యాయం జరుగుతుందని నమ్మాడు. తనలాంటి కలెక్టరు ఉంటే జరిగేదేమో. కానీ ఒక అధికారం రాసిచ్చేటప్పుడు మంచివాడి చేతిలో అదేం చేస్తుందని చూస్తే సరిపోదు. మార్చి నెలాఖరున వసూళ్ల టార్గెట్ పూర్తికాని, పైనుంచి రోజూ చీవాట్లు తింటున్న మామూలు అధికారి చేతిలో ఏం చేస్తుందో చూడాలి. ఆ టెన్షన్ ఎలాంటిదో ఆఫీసులో పనిచేసినవాళ్లకి తెలుసు.

1854లో మద్రాసులో చిత్రహింసల విచారణ కమిషన్ వేశారు. 1855లో నివేదిక వచ్చింది. శిస్తు వసూలు కోసం రైతులని హింసించడం ప్రెసిడెన్సీ అంతటా మామూలైపోయిందని తేల్చింది. మెడని కాలి వేళ్లకి కట్టి వంచి ఎండలో నిలబెట్టడం, వీపు మీద రాయి పెట్టడం, కిట్టి అనే చెక్కల మధ్య వేళ్లు నొక్కడం. పదిరూపాయల బాకీకి. ఆ పని చేసినవాళ్లు తహసీలు బంట్లు, ఊరి ఉద్యోగులు. తెల్ల అధికారులు దీన్ని ప్రోత్సహించలేదని కమిషన్ రాసింది, కానీ డబ్బు మాత్రం వాళ్ల ఖజానాకే చేరింది. శిస్తూ పోలీసూ ఒకే చేతిలో ఉండటం దీనికి మూలమని బయటపడ్డాక, 1859 చట్టంతో మద్రాసుకి విడిగా పోలీసు శాఖ వచ్చింది. నలభై మూడేళ్ల తర్వాత 1816 కాగితంలో ఆ భాగాన్ని వెనక్కి తీసుకున్నారన్నమాట.

మన్రో తగ్గించిన రేటు ఆయన పోయాక నిలబడలేదా అని క్లాసులో అడుగుతారు. తగ్గింపు నిలిచింది, కానీ ధాన్యం ధరలు పడిపోయాయి. శిస్తు మాత్రం నగదులోనే కట్టాలి. కాబట్టి కాగితం మీద మూడోవంతు, సంతలో అమ్ముకునేసరికి అంతకంటే బరువైంది. అందుకే 1855 తర్వాత మళ్లీ కొత్త సర్వే, కొత్త సెటిల్‌మెంటు, అంటే శిస్తు ఖరారు. ఇప్పుడు మన ఆఫీసుల్లో వాడే డైగ్లాట్లు (రెండు భాషల భూమి రిజిస్టర్లు), ఆర్.ఎస్.ఆర్.లు (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు) ఆ తర్వాతి పనుల ఫలితం. వాటిని మన్రో రికార్డులని పిలవడం పొరపాటు, తరచూ వింటుంటాను కాబట్టి చెబుతున్నాను.

బడుల లెక్క

1822 జూన్ 25న గవర్నర్ మన్రో కలెక్టర్లందరికీ ఒక ఉత్తరువు వేశాడు. మీ జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులం, ఏ భాష, అయ్యవారికి ఎంత ఇస్తారు, లెక్క పంపండి అని. 1826 నాటికి లెక్క తేలింది. ప్రెసిడెన్సీలో 1,28,50,941 జనాభాకి 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. ఇళ్లలో చదువుకునేవాళ్లని కూడా కలిపితే మగపిల్లల్లో మూడోవంతుకి దగ్గరగా ఎంతో కొంత చదువు అందుతోందని మన్రో అంచనా.

బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు మనకి దగ్గరిది. అప్పటి బళ్లారి జిల్లాలో అనంతపురం కూడా కలిసే ఉంది. 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాళ్లలో హిందూ ఆడపిల్లలు 60 మంది. అరవై. వలస పాలనకు ముందు మన దేశంలో చదువు వెలిగిపోయిందని ఈ సర్వేనే చూపించి వాదించేవాళ్లు ఈ అంకె చదవరు. బ్రిటిషువాళ్లు వచ్చాకే మనకి చదువొచ్చిందనేవాళ్లు 12,498 అనే అంకె చదవరు. కాంప్‌బెల్ ఇంకో మాట కూడా రాశాడు, బడులు తగ్గిపోతున్నాయని, కారణం జనం పేదలైపోవడమని, ఇంగ్లండు బట్టలొచ్చి ఇక్కడి నేత పని దెబ్బతినడం అందులో ఒకటని. కంపెనీ ఉద్యోగి, కంపెనీ ప్రభుత్వానికి రాసిన మాట అది.

మన్రో 1826లో ప్రతి తహసీలుకీ ఒక బడి, ప్రతి జిల్లాకీ రెండు పెద్ద బడులు పెట్టాలని పథకం వేశాడు. తహసీలు బడి అయ్యవారికి నెలకి తొమ్మిది రూపాయలు. మరుసటి ఏడాదే ఆయన పోయాడు, పథకం మెల్లగా నీరుగారిపోయింది.

భారతీయులకి పెద్ద ఉద్యోగాలు ఇవ్వకుండా దూరం పెట్టడం వాళ్ల స్వభావాన్నే దిగజారుస్తుందని 1824 డిసెంబరు 31న రాసిన పెద్ద మినిట్‌లో, అంటే అధికారిక నోట్‌లో, వాదించాడు. ఏదో ఒక రోజు ఈ దేశం తనని తాను పాలించుకునే స్థితికి రావాలని, అప్పటిదాకా మేముండాలని కూడా అందులోనే రాశాడు. ఆ రోజు ఎప్పుడొచ్చిందో నిర్ణయించేది మాత్రం వాళ్లే. అంతకు రెండేళ్ల ముందు, పరాయి పాలనా స్వేచ్ఛగా రాసే పత్రికలూ ఒకచోట ఇమడవని రాసి పత్రికల మీద అదుపు ఉండాలన్నాడు. ఆ వాక్యంలో ఆయన ఎక్కడా తడబడలేదు. తను పరాయివాడినని, ఈ పాలన బలం మీదే నిలిచిందని బాగా తెలిసినవాడు. అందుకే ఆయన ఉదార మాటలని నేను స్వాతంత్ర్య సందేశంగా చదవను. పాలన నిలబడాలంటే పాలితులని బతకనివ్వాలి అన్న అనుభవజ్ఞుడి లెక్కగా చదువుతాను. ఆ లెక్క కూడా ఆ రోజుల్లో చాలామంది దొరలకి లేదు.

ఇప్పుడు ఏం చెయ్యాలి

చెన్నైలో ఐలండ్ మైదానం దగ్గర, జీను లేని గుర్రం మీద మన్రో కంచు విగ్రహం ఉంది. ఫ్రాన్సిస్ చాంట్రీ చేసింది, 1839లో నిలిపారు. వలస పాలకుల విగ్రహాలు తీసెయ్యాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా దీని పేరూ వస్తుంది. తియ్యమనే వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, తెర్నేకల్లు గురించి తెలిశాక ఇంకా అర్థమవుతుంది. నా అభిప్రాయం మాత్రం ఉంచి, పక్కన పూర్తి లెక్క రాయాలని. విగ్రహం తీసేస్తే 1807 నివేదిక గురించీ ఎవరూ అడగరు, 1855 నివేదిక గురించీ ఎవరూ అడగరు.

మన జిల్లాల్లో చేయాల్సింది ఇంకా సులువు. గుత్తిలో ఆయన పేర కట్టిన సత్రం, పత్తికొండలో ఆయన గుర్తుగా వేసిన తోపు, తవ్విన మెట్ల బావి చరిత్రలో నమోదైన సంగతులే. ఆ ఊళ్లలో తెలుగులో ఒక్కో బోర్డు పెట్టి 45 శాతం, 25 శాతం, 1807, 1820 అన్న నాలుగు అంకెలు రాస్తే చాలు. తెర్నేకల్లులో కూడా ప్రభుత్వం తరఫున ఒకటి పెట్టాలి, 1801లో అక్కడేం జరిగిందో. పెద్ద ఖర్చు కాదు. జిల్లా స్థాయిలో అనుమతి వస్తే అయ్యే పని.

క్లాసు చివర కొత్త సర్వేయర్లకి ఒక పని ఇస్తాను. మీ గ్రామం ఆర్.ఎస్.ఆర్. తీసుకుని, పట్టాదారు కాలంలో పేరు బదులు చుక్కలు పెట్టిన సర్వే నంబర్లు గుర్తించి రండి అని. సెటిల్‌మెంటు నాడు ఎవరి పేరు రాయాలో తేలక చుక్కలు పెట్టి వదిలేసినవి అవి. ఒక పొలానికి ఒక పేరు అన్న పద్ధతిలో పేరు పడనివాడు ఏమవుతాడో ఆ చుక్కలు చూపిస్తాయి. తరతరాలుగా దున్నుకుంటున్నా అమ్ముకోలేక, బ్యాంకు లోను రాక తిరిగిన కుటుంబాలున్నాయి. వాటిని సరిచెయ్యడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సి వచ్చింది. జాబితా రాసుకొచ్చేవాళ్లు సర్వే నంబరు, విస్తీర్ణం, ఇప్పుడు సాగులో ఉన్నవాళ్ల పేరు, ఎన్ని తరాల నుంచి చేస్తున్నారన్నది నాలుగు గళ్లలో రాయాలి. నాలుగో గడి నింపాలంటే ఆఫీసులో కూర్చుంటే కాదు. ఊరికి వెళ్లి, పొలం గట్టు మీద కూర్చుని అడగాలి.